తోడేలు వేలిముద్ర

సంఘంలోకి తోడేళ్ళు చొరబడ్డాయనీ, పది రోజుల్లో వాటిని ఏరిపారేస్తామనీ సంఘం అధ్యక్షులు శాంసన్ గారు సుబేదారి చర్చిలో ఆదివారం ఆరాధన ముగియగానే ప్రకటించారు. గొర్రెతోలు కప్పుకుని వస్తాయి, జాగ్రత్త అని వాక్యం ఏనాడో చెప్పింది. రెండు వేల ఏళ్ళుగా దాన్ని అమలు చేసిన నాథుడు లేడు. ఇన్నాళ్ళకు శాంసన్ గారు పూనుకున్నారు. సరిగ్గా పది రోజుల్లోనే కమిటీ ఎన్నికలుండటం కేవలం దైవసంకల్పం.

దస్తూరీ బాగుంటుందని సుందర్ రావును ఏరివేత కార్యదర్శిగా వేశారు. సర్కారు ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఫైళ్ళు రాసి రిటైరైన మెత్తని మనిషి. శాంసన్ గారు చెబుతుంటే నిబంధనలు రాసుకున్నాడు. ప్రతి సభ్యుడూ 'గొర్రె ధ్రువీకరణ' ఫారం నింపాలి. ఇతను అసలైన గొర్రేనని సంఘంలో ఒకరు సాక్షిగా సంతకం పెట్టాలి. ఫారం ఉంటేనే ఓటు, ఫారం ఉంటేనే పోటీ, పోయాక సమాధుల తోటలో చోటు. తోడేలు సంతకం చెల్లదు. తోడేలుకు సంతకం పెట్టినవాడూ తోడేలే.

సమాధుల తోట దగ్గర సుందర్ రావు కలం ఆగింది. అక్కడ గన్నేరు చెట్టు కింద, భార్య ప్రేమలత పక్కన, ఆరడుగుల జాగా అతని కోసం నాలుగేళ్ళుగా ఎదురుచూస్తోంది. చర్చి ఊడ్చే మరియమ్మ ప్రతివారం ప్రేమలత మీద రాలిన ఆకులు ఏరి, ఇన్ని నీళ్ళు చల్లి పోతుంది. చెయ్యమని ఎవరూ చెప్పలేదు.

నిబంధనలు సంఘానికి చదివి వినిపించగానే మొదటి తోడేలు అక్కడికక్కడే దొరికింది. మరియమ్మే లేచి నిలబడింది.

"సారూ, వండినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసిపెట్టి చర్చికి తెస్తున్నం గద. దిక్కులేనోళ్ళకిస్తమంటిరి. మరి మీ ఇంట్ల కోళ్ళెందుకు తింటున్నయి?"

శాంసన్ గారు కళ్ళు మూసుకుని ఆమెను క్షమించారు. తర్వాత కళ్ళు తెరిచారు.

"రాయి సుందర్ రావు. ఒకటో నెంబర్ తోడేలు."

"అడిగింది ఒక్క ముచ్చటే గద సార్..." అని సుందర్ రావు నసిగాడు.

"గొర్రె ముచ్చట అడుగుతదా? ఎన్నడన్న చూసినవా?"

చూడలేదు. రాశాడు.

పది రోజులు గడిచినా ఎవరి ఫారం మీదా ఎవరూ సంతకం పెట్టలేదు. రేపు వాడు తోడేలని తేలితే? "ముప్పై ఏండ్ల సంది చూస్తున్న, ఈయనకు నేను పెట్ట" అని ఒక ఇల్లాలు మొగుడి ఫారం మొగుడికే ఇచ్చేసింది.

ఎన్నికల రోజు పదకొండున్నరకు నామినేషన్ గడువు. అధ్యక్షుల వారి ఫారంలోనూ సాక్షి గడి ఖాళీ.

"సుందర్ రావు, జర నువ్వు పెట్టరాదే?"

గన్నేరు చెట్టు కళ్ళ ముందు కదిలింది. "చెయ్యి వణుకుతాంది సార్."

అప్పుడే మరియమ్మ ఎప్పటిలాగే బియ్యం సంచితో వచ్చింది. సంగతి విన్నది. "తే బిడ్డా, నేనేస్త వేలిముద్ర. మనిషన్నంక ఒక్కరన్న సాక్ష్యముండాలె గద."

"తోడేలు ముద్ర చెల్లదు సార్" అని సుందర్ రావు మెల్లగా గుర్తుచేశాడు.

శాంసన్ గారు గడియారం చూశారు. "పది నిమిషాలు ఆమెను గొర్రెను చెయ్యి. ముద్ర పడ్డంక మల్ల తోడేలని రాద్దాం."

రిజిస్టరులో ఎక్కింది: 11.05, మరియమ్మ, గొర్రె.

శాంసన్ గారి ఫారం మీద ముద్ర పడింది. సుందర్ రావు జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. "మరియమ్మక్కా, ఇంక ఎనిమిది నిమిషాలున్నయి..."

"ప్రేమలతమ్మ పక్కకే గద సారూ? తే."

అతను తిరిగి చూసేసరికి వెనక లైను గేటు దాటింది. "జరుగుండ్రి, నాదొక్కటే!" "అక్కా, నీ చెల్లె అసొంటిదాన్ని!" మొగుడికి పెట్టనన్న ఇల్లాలు మొగుడి ఫారం కూడా తోసింది. మరియమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. అందరికీ వేసింది.

చివరకు తన ఫారం తీసి చుట్టూ చూసింది. "నాకెవరన్న పెడుతరా?"

సంఘం మొత్తం వంగి చెప్పులు వెతుక్కుంటోంది.

"టైమయింది, రాయి" అన్నారు శాంసన్ గారు.

సుందర్ రావు రాశాడు: 11.15, మరియమ్మ, తోడేలు. చెయ్యి వణకలేదు. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

గోడ అవతల శాంసన్ గారి కోడిపుంజు కూసింది. బాగా మేసిన పుంజు, గొంతు గట్టిది.