రవీందర్ సారు కోకో వైద్యం

సోమవారం పొద్దున టీకి బదులు కోకో తాగాలనీ, బీపీ గోలీ మానెయ్యాలనీ రవీందర్ సారు నిర్ణయించాడు. లింగాల ఘనపూర్‌లో ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఏ పని చేసినా దానికో చరిత్ర ఉండాలి.

"మెక్సికో రాజులు చేదు కోకో తాగేటోళ్లు. తర్వాత యూరప్ వైద్యులు గుండె నీరసానికి గదే రాసిచ్చిండ్రు. దాన్ల చక్కెర పోసి పిల్లల మిఠాయి చేసింది తర్వాతోళ్లు," అంటూ గోలీల అట్టను భార్య సుశీల చేతిలో పెట్టాడు.

"ఆ రాజులకు బీపీ మిషన్ ఉండెనా?"

"చరిత్రను ఎక్కిరియ్యకు."

"చరిత్రను కాదు, నిన్ను."

అంతకు మించి ఆమె వాదించలేదు. సారు నాయిన కూడా ఇలాగే ఒకనాడు గోలీలు మానేసి పక్షవాతంతో పడిపోయాడు. రెండేళ్లు ఆయన మంచం పక్కన కూర్చున్నది సుశీలే. అందుకే రోజూ గోలీ నూరి, సారు పేరు చెక్కిన స్టీలు గ్లాసులోని కోకోలో కలపసాగింది. చేదులో చేదు ఎవరికి తెలుస్తుంది?

పది రోజులకు బీపీ నూట ఇరవై, ఎనభై. సారు ఆ అంకెలు రాసిన చీటీని వీధంతా చూపించాడు. పక్కింటి సోమక్క గ్లాసు పట్టుకొని వచ్చి, కోకో పోయించుకొని, ఒక్క గుక్క తాగి, మొహం ముడుచుకుంది.

"గింత చేదున్నదంటే మందే సారూ! రేపటి సంది నా గోలీ కూడ బంద్."

"సోమక్కా, నువ్వు మానకు," అంది సుశీల.

"మరి సారు మానలే?"

సుశీల ఇరుకున పడింది. నిజం చెబితే సారు ఇక ఆ గ్లాసు ముట్టడు. చెప్పకపోతే సోమక్క మంచాన పడుతుంది.

ఆ ఆలోచన తెగకముందే శనివారం వచ్చింది. కోకో మహిమ వినడానికి సారు అరుగు మీద పన్నెండు మంది చేరారు. ఆయన కోకో తాగి, గ్లాసు పక్కన పెట్టి, ఉపన్యాసానికి లేచాడు.

"గోలీ లేని గుండె..."

అంటూనే కూలబడ్డాడు.

జనగామ దవాఖానలో డాక్టరమ్మ పరీక్షించి, "బీపీ బాగ పడిపోయింది. పొద్దున ఎన్ని గోలీలు?" అని అడిగింది.

"ఒకటే," అన్నారు ఇద్దరూ ఒక్కసారే. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నువ్వు బంద్ చేసినవ్ కద?" అంది సుశీల.

"భయమైంది. ఇంకో అట్ట కొని స్కూటర్ డిక్కీల దాచిన. రోజొకటి మింగుతున్న. నీకెట్ల తెల్సు?"

"నేను కోకోల కలుపుతున్న."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "కోకోతోని కొద్దిగ మేలుంటదేమో. గోలీకి బదులు మాత్రం కాదు. ఆ గోలీ కూడ చాటుంగ కలపొద్దు. ఒక్కటే, ఒక్కరే, చెప్పి ఇయ్యాలె."

ఇద్దరూ తిరుగు ఆటో ఎక్కారు.

"నాయిన యాదికొచ్చిండా?" అంది సుశీల.

"రోజు," అన్నాడు సారు. కొంత దూరం పోయాక, "మంది ముంగట అన్న మాట ఎట్ల వాపస్ తీసుకుందు?" అని అడిగాడు.

"చరిత్ర చెప్పినట్టే చెప్పు. జరిగింది జరిగినట్టు."

సాయంత్రం అదే అరుగు మీద నిలబడి ఆయన చెప్పాడు, తాను గోలీ మింగని రోజు ఒక్కటీ లేదని. సోమక్క దీర్ఘంగా ఆలోచిస్తూ ఇంటికి వెళ్లింది.

మరునాడు పొద్దున ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో తన బీపీ గోలీతో వచ్చింది. "గిది మింగితెనే కోకో పనిజేస్తదని ముందుగాల జెప్పొద్దా సారూ!"

ఇప్పుడు ఆ వీధిలో గోలీ మానేవారెవరూ లేరు. పేరు మాత్రం కోకోకే వచ్చింది.