ఒక డిగ్రీ సమ్మోహన విజయము

సకల లోకములును ఉక్కపోతతో ఉడికిపోవుచు, వీధికుక్కలు ఆగియున్న లారీల క్రింద నాలుకలు వ్రేలాడవేసికొని పడియుండు నడివేసవి మధ్యాహ్నమున, ఒక అద్దాల మేడ రెండవ అంతస్తున, తలుపులు బిగించిన బీమా కార్యాలయమున మాత్రము హేమంతము తిష్ఠ వేసికొని కూర్చుండెను. వినుడు, పనీపాటా లేని శ్రోతలారా! చలికి మెడ బిగిసిన యొక గుమాస్తా సమ్మోహన విద్య నభ్యసించి సాధించిన దిగ్విజయమును చెప్పెదను. మీకు వేరే పని యున్నచో, అదియు ఇంతకంటె గొప్పదై యుండదు లెండు.

ఆ గుమాస్తా అసలు పేరు ఎవరికిని గుర్తులేదు. ఏడాది పొడవునా మెడకు ఉన్ని మఫ్లరు చుట్టుకొని వచ్చుటచే ఆఫీసంతయు అతనిని మఫ్లరనియే పిలిచెడిది. క్లెయిము కాగితాల గుట్టల నడుమ, సరిగ్గా ఏసీ నోటి క్రింద అతని ఆసనము. హిమశీకర వర్షిణియు, ఘర్ఘర ఘోషిణియు, సకల కంఠ స్తంభినియు నగు నా యంత్రము ధాటికి అతని మెడ ఎడమవైపునకు తిరుగుట బొత్తిగా మానివేసెను. స్కూటరును ఎడమకు త్రిప్పవలసి వచ్చినపుడు వెనుకనున్న భార్య "ఎవరూ రావట్లేదు, తిప్పండి" అని చెప్పవలెను. ఆమె లేనినాడు ఆ మహావీరుడు కుడి మలుపులతోనే ఊరంతయు చుట్టి ఇల్లు చేరెడివాడు.

ఆ యంత్రమునకు రిమోటు ఒక్కటియే. అది హెడ్డుగారి చొక్కా జేబులో, పెన్నుల సరసన నిరంతరము నివసించుచుండును. పద్దెనిమిది డిగ్రీలు ఆయన శాసనము. దానిని మార్చుమని అడిగిన ప్రాణి ఆ కార్యాలయ చరిత్రలో పుట్టలేదు. అడిగినచో ఏమగునో ఎవరికిని తెలియదు, తెలియదు కనుకనే అందరును హడలిపోయిరి.

అట్టి తరుణమున మఫ్లరునకు ఫోనులో ఒక గడ్డపు గురువు ప్రత్యక్షమై, ఎదుటివారిని చూపులతో లొంగదీయు విద్యను ఉచితముగా, నడుమ నడుమ సబ్బుల ప్రకటనలతో, బోధింపసాగెను. మరునాటి ఉదయముననే శిష్యుడు స్నానాల గది అద్దము ముందు నిలిచి, పిడికిలి బిగించి, ఇట్లు గర్జించెను:

"ఓయీ ప్రచండ శీత మారుతమా! మదీయ వీక్షణ శరపరంపరచే నీ యధిపతి మనోదుర్గమును భేదించి, అతని వ్రేలి చేతనే అతని రిమోటు నొక్కింపకున్న, నేను మఫ్లరును కాను, చేతిరుమాలును!"

"ఏవండీ, ఎవరితో మాటలు? బకెట్టు పొర్లిపోతోంది, కుళాయి కట్టెయ్యండి!" అని భార్య తలుపు బాదెను.

ఆదివారము, భోజనానంతరము, అత్తగారిపై తొలి ప్రయోగము జరిగెను. దారమునకు కట్టిన స్కూటరు తాళముచెవిని ఆమె ముందర ఊపుచు, గొంతు నూతిలోనికి దించి, "అత్తయ్యగారూ, దీన్నే చూడండి. మీ కళ్ళు బరువెక్కుతున్నాయి..." అనెను.

"స్కూటర్ తాళం కదూ, బాబూ..." అనుచునే ఆ పెద్దావిడ గురక లంకించుకొనెను.

అల్లుడు ఎగిరి గంతులు వేసెను. భార్య మాత్రము బట్టలు మడతపెట్టుచు, "మీ మొహం! అన్నం తిన్నాక తిరిగే ఫ్యాను చూసినా మా అమ్మ అలాగే పడుకుంటుంది" అనెను. వీరులు ఇట్టి మాటలు చెవిని పెట్టరు. అద్దము ముందు సాధన చేయునపుడెల్ల, తన గొంతు తానే విని తానే జోగుట కూడ విద్య ముదిరినందుననే యని అతడు మురిసిపోయెను.

అంత సోమవారము వచ్చెను. ఫైలు కవచముగా, తాళముచెవి ఖడ్గముగా, మధ్యాహ్న భోజనపు మత్తు తోడుగా, మఫ్లరు హెడ్డుగారి గదిలోనికి చొచ్చి, దిక్కులు పిక్కటిల్లునట్లు "సార్... చిన్న సంతకం" అని గొణిగెను.

పిమ్మట తాళముచెవి గాలిలో ఊగెను.

"ఏంటయ్యా అది?"

"దీన్నే చూడండి సార్. కళ్ళు బరువెక్కుతున్నాయి... రెప్పలు వాలిపోతున్నాయి..."

"ఎవరికి?"

"మీకు సార్..."

"నాకేం లేదే. వాలిపోతున్నవి నీ రెప్పలు."

అక్షరాలా నిజము. ఆ మంద్ర గంభీర స్వరమునకు అలవాటుపడిన ప్రాణము లోకమంతట ఒక్కటే, అది మఫ్లరుది. ఆ యోధాగ్రేసరుడు నిలుచున్నపాటున నిద్రపోయెను.

హెడ్డుగారు వింతగా చూచి, మెల్లగా, "నీకేం కావాలయ్యా?" అని అడిగెను.

"కాస్త వెచ్చగా పెట్టండి సార్..." అని నిద్రలోనే పలికెను. "నా మెడ తిరగట్లేదు. టైపిస్టు మేడం జత మీద జత సాక్సులు వేసుకుంటుంది. అటెండరు బాబాయి టీ తాగడానికి కాదు, వేడి గ్లాసు పట్టుకోడానికి తెచ్చుకుంటాడు..."

"మరి ఒక్కళ్ళూ చెప్పరేం?"

"మీకు చల్లగా ఉంటేనే ఇష్టమట కదా సార్..."

హెడ్డుగారు చొక్కా పైగుండీ విప్పెను. నిద్రపోవువాని ముందు బిడియమేల? "నాకూ చలేనయ్యా," అనెను. "ఇదుగో, చొక్కా కింద ఉన్ని బనీను. వెచ్చగా ఉంచితే గుమాస్తాలు కునుకు తీస్తారని నా ముందున్న హెడ్డు చెప్పిపోయాడు." అనుచు, పద్దెనిమిది డిగ్రీలలో నిటారుగా కునుకు తీయుచున్న గుమాస్తాను తేరిపార చూచెను.

అయినను అడిగినంతనే ఇచ్చుట అధికారమునకు చిన్నతనము. నేడు వెచ్చదనము నడిగినవాడు రేపు సెలవడుగును, ఎల్లుండి కుర్చీకి దిండు అడుగును. కనుక ఆ చతురుడు కన్నులు మూసికొని, రిమోటును చేతబట్టి, రెండవచేతితో బల్లమీది గంటను టంగున మ్రోగించెను.

మఫ్లరు ఉలికిపడి మేల్కొని చూచెను గదా, అహో! హెడ్డుగారు కనులు మూసి, "చిత్తం... చిత్తం..." అనుచున్నారు. మీట యెక్కడున్నదో కనుటకు ఒక కన్ను ఓరగా తెరచుటను మనము చూచితిమి గాని, మఫ్లరు చూడలేదు. మీట ఒకమారు నొక్కబడెను.

"ఇంకో నాలుగు నొక్కండి సార్," అని మఫ్లరు ఆజ్ఞాపించెను.

"ఒక్కటే," అని సమ్మోహితుడు ఖండితముగా పలికెను.

వార్త క్షణములో కార్యాలయమంతట ప్రాకెను. సాయంకాలమునకెల్ల మఫ్లరు బల్ల ముందు జనము బారులు తీరెను. "అన్నయ్యా, మా చెల్లెలి పెళ్ళికి సెలవు కావాలి. ఆయన్ని కాస్త మత్తులో పెట్టవూ?" అని టైపిస్టు బ్రతిమాలెను. "నా కుర్చీ కాలు విరిగి ఏడాదైంది, ఆ ముక్క కూడా ఆయన చెవిలో ఊదు నాయనా," అని అటెండరు చేతులు పట్టుకొనెను. హెడ్డుగారి గది తలుపు బార్లా తెరచియే యుండెను. ఆ వైపు ఎవరును పోలేదు.

కావున శ్రోతలారా, చప్పట్లు కొట్టుడు! పద్దెనిమిది పంతొమ్మిదాయెను! వీరుని మెడ బొటనవ్రేలి మందము ఎడమకు తిరిగెను! నోరు తెరచి అడుగుటయను ఆయుధమును తాకనైన తాకక ఇంతటి యుద్ధమును గెలిచిన శూరులు ముల్లోకములను గాలించినను ఆ రెండవ అంతస్తున తప్ప దొరకరు.