వీపు లేని కోటు

ఆ మంగళవారం పొద్దున సురేందర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి, సహం పట్నం బీచి రోడ్డులో కొత్తగా కట్టిన గెస్ట్ హౌస్‌కు పదింటికల్లా చేరాలి, అడిగినవాటికి జవాబు చెప్పి అన్నం వేళకు రూముకు వచ్చేయాలి. అటెండర్ ఉద్యోగానికి అంతకన్నా హంగు అక్కరలేదని అతని నమ్మకం.

ఉద్యోగం చిన్నదే కానీ అవసరం చిన్నది కాదు. అతను పనిచేసే కంపెనీ మూతపడింది. శుక్రవారంలోగా వీసా రాయించుకునే కొత్త యజమాని, అంటే కఫీల్, దొరికినవాళ్లు ఒమాన్‌లో ఉండవచ్చు. దొరకనివాళ్లను విమానం ఎక్కించేస్తారు. సురేందర్ వచ్చి ఇంకా ఏడాది కాలేదు. జగిత్యాల దగ్గర వాళ్ల ఊళ్లో గంగారాం అనే ఆయన ఇలాగే దుబాయ్ నుంచి ఆరు నెలలకే తిరిగొచ్చాడు. ఆ రోజు నుంచి ఆయన పేరు వాపస్ గంగారాం. కూతురి పెళ్లి పత్రికలో కూడా అలాగే అచ్చు వేశారు, లేకపోతే అది ఎవరింటి పెళ్లో ఊరికి తెలియదట. 'వాపస్ సురేందర్' అనే మాట తలుచుకున్నప్పుడల్లా అతనికి ముద్ద దిగేది కాదు.

ఇస్త్రీ పెట్టె వేడెక్కుతుండగా బయట పికప్ ఆగింది. గెస్ట్ హౌస్ మేనేజరు ఖమరుద్దీన్, హైదరాబాద్ మనిషి, బండి దిగకుండానే పిలిచాడు. గెస్ట్ హౌస్ యజమానిని అతను అర్బాబ్ అంటాడు.

"సురేందర్, అర్బాబ్ నీ అర్జీ మీది ఫోటో చూసిండు. ఫోటోల ఎట్లున్నవో గట్లనే రమ్మన్నడు. కోటు, టై, అంతా."

"గట్లనేనా సాబ్?"

"గట్లనే. నాకింకా నాలుగు రూములు తిరిగేదుంది, లేట్ చెయ్యకు" అని బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

సురేందర్ ఇస్త్రీ పెట్టె ప్లగ్ పీకేశాడు. ఆ కోటు అతనిది కాదు, ఫోటో స్టూడియోది. ఆ మాటే పక్క మంచం మీదున్న పెద్దులుతో చెప్పాడు. పెద్దులు తాపీ మేస్త్రీ, వయసులో పెద్దవాడు. అతనికీ శుక్రవారం విమానమే గానీ, రాసిపెట్టి ఉన్నదేదో అవుతుందని గోడకు ఒరిగి చాయ్ తాగుతున్నాడు.

"నీది కాదని ఫోటోల రాసున్నదా?" అన్నాడు పెద్దులు. "లే తమ్మీ, స్టూడియోకు పోదాం పా."

స్టూడియో గులాం నబీది. కడప నుంచి వచ్చి పదేళ్లుగా సహంలో ఫోటోలు తీస్తున్నాడు. సంగతి విని అడ్డంగా తల ఊపాడు.

"కోటు బయటికి పంపేది ల్యాదప్పా. అది బయటికి పోయే కోటు కాదు."

"ఒక్క గంట, నబీ భాయ్" అన్నాడు సురేందర్. "నా బతుకు దాని మీద ఉన్నది."

గులాం నబీ చిలక్కొయ్య నుంచి కోటు తీసి ఇటు తిప్పి చూపించాడు. ముందు నల్లటి కోటు, లోపల తెల్ల చొక్కా ముక్క, దానికి కుట్టేసిన ఎర్ర టై. వెనక ఏమీ లేదు. వీపు ఉండాల్సిన చోట నాలుగు నాడాలు వేలాడుతున్నాయి.

"ఒకే కోటు గదా. లావోళ్లూ వస్తారు, సన్నోళ్లూ వస్తారు. అందుకే యెనక గుడ్డ తీసేసి నాడాలు కుట్టిచ్చినా. ఫోటోకు వీపెందుకు?"

ఫోటో దిగిన రోజు సురేందర్ అద్దంలో తనను తాను చూసుకుని మురిసిపోతూ ఉన్నాడు. వెనక ఎవరో ముడులు వేస్తున్న సంగతి పట్టించుకోలేదు. ఇప్పుడు పట్టించుకుని లాభం లేదు. కింద చొక్కా ఉంటే రెండు కాలర్లు కనిపిస్తాయని గులాం నబీ అదీ విప్పించాడు. ముందు నుంచి చూస్తే బ్యాంకు ఆఫీసరు, వెనక నుంచి చూస్తే చిల్లుల బనియనూ నాలుగు ముడులూ. కోటు మీద నమ్మకం లేక, కాదు, సురేందర్ మీద నమ్మకం లేక గులాం నబీ కూడా షాపుకు తాళం వేసి వెంట వచ్చాడు.

నడక మొదలైంది. ముందు సురేందర్, అతని వీపుకు అతుక్కుని పెద్దులు, ఆ వెనక గులాం నబీ. సురేందర్ ఆగితే పెద్దులు అతని మీద పడేవాడు, పెద్దులు మీద గులాం నబీ పడేవాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఈ వరుసను చూసి, ఎవరో పెద్ద ఇంజినీరు నౌకర్లతో దిగాడనుకున్నాడు. చిన్న తలుపు మూసి పెద్ద గేటు తెరిచాడు, సలాం కూడా కొట్టాడు. పెద్దులు ఆ సలాం అందుకున్నాడు.

గెస్ట్ హౌస్ ముందంతా పాలరాయి, నున్నటి స్తంభాలు. వరండాలో అదే ఉద్యోగానికి వచ్చిన ఐదుగురు వరుసగా కూర్చుని ఉన్నారు. కోటును చూసి లేచి నిలబడ్డారు. కాసేపటికి ఆ కోటు గుర్తుపట్టి కూర్చున్నారు. పెద్దులు నీళ్ల కోసమని పక్క సందులోకి వెళితే, సురేందర్ ఒక స్తంభానికి వీపు ఆనించి విగ్రహంలా నిలబడిపోయాడు.

పెద్దులు తిరిగొచ్చి గొణిగాడు. "ముందట పాలరాయి ఏసిండ్రు గని, ఎనకకు పోతే ప్లాస్టర్ లేదు, సలాకలు బయటికే ఉన్నయి. పైన పటారం, లోన లొటారం."

సురేందర్‌కు ఆ మాట చెవికెక్కలేదు. అంతలో ఖమరుద్దీన్ పిలిచాడు.

లోపల అతిథులను కూర్చోబెట్టే పొడుగాటి మజ్లిస్ గది. ఎదురుగా అర్బాబ్ ఖల్ఫాన్, ఎడమవైపు గోడకానుకుని ఆయన ముసలి మేనమామ. ఖల్ఫాన్ హిందీ తడుముకోకుండా మాట్లాడతాడు.

"పని ఏముంది, మాటలు అందరూ చెప్తారు" అన్నాడాయన. "కావా కెటిల్ అక్కడుంది. మామకు పోసి, నాకు పొయ్యి."

సురేందర్ అటూ ఇటూ లెక్క చూసుకున్నాడు. ఇద్దరూ రెండు వైపులా ఉన్నారు, వీపు ఒక్కటే ఉంది. అతను మామ ముందుకు ఏటవాలుగా వెళ్లి, వీపును ఖాళీ మూలకు అప్పజెప్పి కాఫీ పోశాడు. తర్వాత ముఖం తిప్పకుండా నాలుగడుగులు వెనక్కి వేసి, అక్కడ నుంచి పీతలా పక్కకు జరిగి ఖల్ఫాన్ ముందుకు చేరాడు. సరిగ్గా అప్పుడే వెనక తలుపు తోసుకుని ఖమరుద్దీన్ ఖర్జూరాల పళ్లెంతో వచ్చాడు. సురేందర్ ఒక్క గెంతులో గోడకు అంటుకుని, కెటిల్ పట్టుకున్న చేతితోనే ఖమరుద్దీన్‌కూ సలాం చేశాడు.

మామ కప్పు కింద పెట్టి అరబీలో ఏదో అన్నాడు. ఖమరుద్దీన్ మెల్లగా తెలుగులో చెప్పాడు. "పెద్దోళ్లకు వీపు చూపించని మనిషిని చానా ఏండ్లకు చూస్తున్నా అంటున్నడు."

సురేందర్‌కు ప్రాణం లేచొచ్చింది. ఇంక మిగిలింది బయటికి వెళ్లడమే. రెండు చేతులూ జోడించి, ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ గడప దాకా వచ్చాడు. ఉద్యోగం వచ్చినట్టేనని మనసులో అనుకున్నాడు కూడా.

కానీ వరండాలో ఈలోగా వేరే కథ నడుస్తోంది. ఆ ఐదుగురికీ ఖమరుద్దీన్ అదే మాట చెప్పాడు, ఫోటోలో ఉన్నట్టే రమ్మని. అందరూ పొద్దున స్టూడియోకు పరుగెత్తి, తాళం చూసి, బండెక్కి వీళ్లకన్నా ముందే చేరినవాళ్లే. ఇప్పుడు గులాం నబీని చుట్టుముట్టి, తర్వాత కోటు నాకంటే నాకని పట్టుకున్నారు. పెద్దులు ఎవరి వంతు ఎప్పుడో చెబుతూ వాళ్లను వరుసలో నిలబెట్టే పనిలో పడి, తన అసలు కాపలా మరిచిపోయాడు. గులాం నబీకి తలుపు సందులో నాలుగు ముడులు కనిపించాయి. పదేళ్ల అలవాటు. చకచకా విప్పేశాడు.

కోటు, చొక్కా ముక్క, ఎర్ర టై అన్నీ కలిసి ముందుకు జారి సురేందర్ మోచేతుల దగ్గర ఆగాయి. గడప మీద, ఇద్దరు పెద్దల ముందు, అతను చిల్లుల బనియనుతో మిగిలాడు.

ఎవరూ నవ్వలేదు. ఖల్ఫాన్ సొరుగు లాగి ఆరు ఫోటోలు తీసి బల్ల మీద పరిచాడు. ఆరుగురు మనుషులు, ఒకే కోటు, ఒకే టై.

"ఇది ఎవరి కోటో తెలుసుకుందామనే అందరినీ ఇలాగే రమ్మన్నాను. నీదేనా?"

విమానం, ఊరు, వాపస్ గంగారాం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఇంక అబద్ధమాడటానికి ఒంటి మీద గుడ్డ కూడా లేదు.

"కాదు అర్బాబ్" అన్నాడు సురేందర్. "నాదంటే ఈ బనియనే."

మామ ముందు నవ్వాడు. తర్వాత ఖల్ఫాన్ లేచి, గది వెనక కిటికీకి ఉన్న బరువైన పరదా పక్కకు లాగాడు. బయట సున్నం తగలని ఇటుక గోడలు, నిలబడ్డ సలాకలు, సిమెంటు బస్తాలు.

"పై వారం ప్రారంభం. మస్కట్ నుంచి పెద్దలు వస్తున్నారు. ఈ వైపు పూర్తికావడానికి మూడు నెలలు పడుతుంది. ముందు వైపే చూపించి, వెనక వైపు కనపడకుండా వాళ్లను రెండు గంటలు నడిపించే మనిషి కోసం వెతుకుతున్నాను. నాకు దొరికాడు" అన్నాడు.

సురేందర్ సంతోషం పట్టలేక కోటుతోనే కళ్లు తుడుచుకున్నాడు. అది చేతిరుమాలు కాదన్నట్టు గులాం నబీ దాన్ని లాక్కున్నాడు. సందు చూసుకుని పెద్దులు లోపలికి తల పెట్టాడు.

"సాబ్, ఆ ఎనక ప్లాస్టర్ పని నాకియ్యుండ్రి. మూడు నెలలు గాదు, రెండే."

సాయంత్రానికల్లా ఇద్దరి కాగితాలూ కదిలాయి. మిగతా ఐదుగురినీ ఖల్ఫాన్ పెద్దులు కింద పనికి పెట్టాడు, కోటు అవసరం లేని పని. సురేందర్‌కు నిండు కోటు కుట్టమని దర్జీకి చెప్పారు గానీ పై వారానికి కుదరదన్నాడు. దాంతో పాతదాన్నే గులాం నబీ అద్దెకిచ్చాడు.

ప్రారంభోత్సవానికి వచ్చిన అతిథుల్లో ఒక్కరు కూడా గెస్ట్ హౌస్ వెనక భాగం చూడలేదు, సురేందర్ వెనక భాగమూ చూడలేదు.