ఇంగ్లీషులో జవాబిచ్చే పుణ్యాత్ములు

మీకు ఒక భాష నేర్చుకోవాలని నిజంగా ఉందా? అయితే ఆ భాష మాట్లాడే దేశానికి మాత్రం పొరపాటున కూడా వెళ్ళకండి! ఇంట్లోనే కూర్చుని గోడతో మాట్లాడుకోండి. గోడ కనీసం ఇంగ్లీషులో జవాబివ్వదు.

నేను వెళ్ళాను. హంగేరీలోని సెగెడ్ నుంచి ఫిన్లాండులోని టాంపెరెకి, స్కాలర్‌షిప్ మీద, ఫిన్నిష్ భాష చదువుకోవడానికి వచ్చాను. ఫిన్నిష్ వల్ల ఇంతవరకు నాకు కలిగిన మేలు కన్నా ఫిన్నిష్ వాళ్ళ ఇంగ్లీషు వల్ల కలిగిన మేలే ఎక్కువ. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకాన్ని కాదు కాబట్టి ఆ మేలు గురించి నాలుగు మంచి మాటలు రాస్తున్నాను.

హంగేరీ పిల్లకి ఫిన్నిష్ ఎందుకని అడుగుతారేమో. మాకూ వాళ్ళకూ చుట్టరికం ఉందండీ! వేల ఏళ్ళ కిందట ఒకే ఇంట్లో పుట్టి వేరుపడ్డ భాషలట మావి, పండితులు తేల్చారు. చేపని మేం ‘హల్’ అంటే వాళ్ళు ‘కల’ అంటారు. మా భాషలో ప్రాణానికి ఉన్న మాటే వాళ్ళ సౌనాలో, అంటే ఆవిరి స్నానాల గదిలో, కాలిన రాళ్ళ మీంచి లేచే ఆవిరికి పేరైంది. మాకు ప్రాణమైనది వాళ్ళ దగ్గరికి వెళ్ళేసరికి ఆవిరైపోయిందన్నమాట. దూరపు చుట్టరికాలన్నీ అంతే కదా!

ఫిన్నిష్‌లో విభక్తులు పదిహేను. వినగానే లోకమంతా హడలిపోతుంది. హంగేరీ వాళ్ళం మాత్రం మీసాలు దువ్వుతాం. మాకు అంతకన్నా ఎక్కువే ఉన్నాయి మరి.

ఇక అసలు సంగతి. మా టీచరు తూలిక్కి గారు శుక్రవారం క్లాసు చివర్లో ఒక షరతు పెట్టారు. “రేపు సెలవు. హాయిగా ఊరు చూడండి. చూస్తూ చూస్తూ ఎవరితోనైనా ఫిన్నిష్‌లో కాసేపు కబుర్లాడి రండి. కాఫీ ఇమ్మని అడిగితే కబుర్లు కావు. సోమవారం ఆ కబుర్లన్నీ క్లాసులో చెప్పాలి. చెప్పలేనివాళ్ళు మళ్ళీ మొదటి క్లాసులో కూర్చోవాలి.”

మొదటి క్లాసుకి నా స్కాలర్‌షిప్ వర్తించదు. అంటే నాకు మొదటి క్లాసంటే సెగెడ్‌కి తిరుగు టిక్కెట్టే. సెలవు రోజుకి ఇంతకంటే ఉల్లాసకరమైన ఆరంభం ఉంటుందా!

తోడుగా బోటోండ్ వచ్చాడు. మా సెగెడ్ వాడే. ఐదేళ్ళుగా ఇక్కడ అడవుల మీద పరిశోధన చేస్తున్నాడు. నేనేమో ట్రామ్‌లో కూర్చుని అనబోయే వాక్యాన్ని విభక్తులతో సహా వల్లె వేస్తున్నాను. అతను చూసి చూసి జాలిపడ్డాడు. బొగ్లార్కా అనే నా పేరుని బోగీ అని కుదించి పిలుస్తాడతను.

“ఎందుకే బోగీ, ఈ తిప్పలు? నాకు ఫిన్నిష్‌లో మూడంటే మూడు ముక్కలొచ్చు. నమస్కారం, థాంక్స్, బీరు. డాక్టరేట్ వచ్చేస్తోందా లేదా?”

“బీరుకి డాక్టరేట్ ఎవరిస్తారు?”

“అడుగు, ఇంగ్లీషులో చెప్తారు!”

పాత మార్కెట్ హాల్లో నల్ల సాసేజి, అంటే రక్తం కలిపి చేసే మాంసపు వంటకం, అమ్మే కొట్టు ముందు నిలబడ్డాను. నా వాక్యం మొదలుపెట్టాను. కర్త వచ్చింది, కర్మ వచ్చింది, విభక్తి కాస్త తడబడుతూ వచ్చింది. కొట్టతను చివరిదాకా ఓపిగ్గా విన్నాడు. ఎవరిదో చావు కబురు వింటున్నట్టు తలూపుతూ విన్నాడు. ఆ తర్వాత చిరునవ్వుతో అన్నాడు. “విత్ జామ్?”

“అవునండీ, జామ్‌తో,” అన్నాను నేను, ఫిన్నిష్‌లో.

“ఫర్ హియర్, ఆర్ టేక్ అవే?”

పొట్లం పట్టుకుని కదులుతూ మర్యాదగా “హలో” అన్నాను. మా దేశంలో కలిసినప్పుడూ హలోనే, విడిపోయేటప్పుడూ హలోనే. నోటికి అలవాటైపోయింది, ఏం చేయను? కొట్టతను వెంటనే వెనక్కి తిరిగి వచ్చాడు. “హలో! హౌ కెన్ ఐ హెల్ప్ యూ?” మొహమాటానికి ఇంకో సాసేజి కొన్నాను. కొని మళ్ళీ “హలో” అన్నాను. అతను మళ్ళీ వచ్చాడు! ఇంకో పొట్లం చేతిలో పడ్డాక బోటోండ్ నా నోరు మూసి బయటికి ఈడ్చుకొచ్చాడు.

“ఫిన్నిష్ సంగతి దేవుడెరుగు, ముందు నువ్వు ఇంగ్లీషు నేర్చుకోవే తల్లీ!”

అయినా ఆలోచించండి, ఇంత ఆతిథ్యం ఎక్కడైనా ఉందా? వేరే దేశాల్లో మీరు తప్పు మాట్లాడితే నవ్వుతారు. వెక్కిరిస్తారు. సరిదిద్దుతారు. ఛీ, ఎంత అనాగరికం! ఇక్కడ అలాంటిదేమీ ఉండదు. మీరు కష్టపడి మోసుకొచ్చిన వాక్యాన్ని మీ చేతుల్లోంచి సుతారంగా తీసుకుని, మూలన పెట్టేసి, దాని బదులు శుభ్రమైన ఇంగ్లీషు వాక్యం చేతికిస్తారు. మీ పరువుకి పరువు దక్కుతుంది, వాళ్ళ టైముకి టైము కలిసొస్తుంది.

మనుషులే అనుకున్నారా? ట్రామ్ స్టాపులో టిక్కెట్టు మెషీను కూడా ఆ సంస్కారంలోనే పెరిగింది. నేను ఫిన్నిష్ బటన్ నొక్కాను. మొదటి ప్రశ్న చదువుకుంటున్నాను, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. మెషీనుకి నా అవస్థ చూడబుద్ధి కాలేదు కాబోలు, దానంతట అదే ఇంగ్లీషులోకి మారిపోయింది! ఇనుముకి కూడా ఇంత కరుణ ఉన్న దేశం ఇది.

తర్వాత గుట్ట మీది టవరెక్కాం. ఊరికి ఆ పక్కా ఈ పక్కా ఉన్న రెండు సరస్సులూ గడ్డకట్టి తెల్లగా పరుచుకున్నాయి. చూడటానికి ఎంత బాగుందంటే, బోటోండ్ కూడా నోరు మూసుకున్నాడు. పక్కన నిలబడ్డ పెద్దమనిషితో ధైర్యం చేసి, “ఈ మంచు ఎప్పుడు కరుగుతుందండీ?” అని ఫిన్నిష్‌లో అడిగాను. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, మంచు మందం, కరగడం మొదలయ్యే నెల, దాని మీద నడవకూడని చోట్లు, అన్నీ వివరంగా చెప్పారు. ఏ భాషలో చెప్పారో వేరే చెప్పాలా?

దిగాక సరస్సు ఒడ్డున ఒకామె తన కుక్కతో మాట్లాడుతూ కనిపించింది. ఫిన్నిష్‌లో! గారంగా, విసుగ్గా, తిడుతూ, బుజ్జగిస్తూ, ఎన్ని విభక్తులో! ఆ ఊళ్ళో కుక్కలకున్న అదృష్టం నాకు లేకపోయిందే అని కడుపు రగిలిపోయింది. దగ్గరికి వెళ్ళి కుక్కకే ఫిన్నిష్‌లో “కూర్చో” అన్నాను. కూర్చుంది! నా ఫిన్నిష్ ఆ పూట ఒక జీవికి అర్థమైంది. ఆనందంతో తలెత్తి చూశాను.

“హీ లైక్స్ యూ!” అంది ఆమె.

“పోనీ కుక్కతోనే కబుర్లాడానని చెప్పు సోమవారం,” అన్నాడు బోటోండ్. “అది కాదనదు.”

సాయంత్రానికి నాకు ఓపిక నశించింది. ఏడుపొక్కటే తక్కువ. కాస్త వెచ్చబడదామని పాత పేటలోని సౌనాకి వెళ్ళాం. అతను మగవాళ్ళ వైపుకి, నేను ఆడవాళ్ళ వైపుకి. ఇక్కడ జనం బట్టలతో పాటు మొహమాటాన్ని కూడా విప్పి చిలక్కొయ్యకి తగిలించి లోపలికి వస్తారు. లోపల ఆవిరి. పక్క మనిషి ముఖం కూడా కనపడదు. పై బల్ల మీదికెక్కి మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చున్నాను.

ఆవిరిలోంచి ఒక ముసలి గొంతు వచ్చింది. “కుక?”

మా భాషలో ‘కుక’ అంటే చెత్తకుండీ. ఫిన్నిష్‌లో ‘ఎవరు’ అని. మొదటి వారంలోనే నేర్పిన మాట అది, నాకు రాక కాదు. కానీ రోజంతా ఇంగ్లీషు తిని తిని అలసిన బుర్ర అమ్మ భాషలోకి జారిపోయి ఉంది. పాపం, ముసలావిడకి చెత్తకుండీ కావాలి కాబోలనుకుని ఫిన్నిష్‌లో చెప్పేశాను. “తలుపు పక్కనుందండీ, పచ్చ రంగుది!”

ఆ తర్వాత బల్ల అదిరేలా నవ్వు.

“ఎవరక్కడా అంటే, తలుపు పక్కన పచ్చగా ఉన్నానంటావేమే పిల్లా! ఎవరమ్మాయివి?”

“హంగేరీ నుంచి వచ్చానండీ. మనం చుట్టాలం.”

“చుట్టాలమా? ఏ వైపు నుంచి?”

“భాష వైపు నుంచి.”

“ఆ వైపు నాకు ఆస్తులేం లేవే తల్లీ! సరే, చుట్టానివంటున్నావుగా, ఊరికే కూర్చుంటావేం? లేచి రాళ్ళ మీద రెండు గరిటెల నీళ్ళు పొయ్యి.”

పోశాను. ఆవిడ పేరు హిల్కా. నూలు మిల్లులో పనిచేసి, మోకాళ్ళు అరగదీసుకుని, ఇప్పుడు ఇరుగుపొరుగు మీద చాడీలు చెప్పుకుంటూ సుఖంగా బతుకుతోంది. నా పేరడిగింది. బొగ్లార్కా అంటే పొలాల్లో పూసే ఒక పసుపుపచ్చ పువ్వని చెప్పాను.

“ఓసి, అదా! ఆవులు కూడా ముట్టవు ఆ పువ్వుని. నీ జోలికెవరూ రారులే, బతికిపోతావు!”

నేను విభక్తి తప్పినప్పుడల్లా సౌనాలో ఒళ్ళు తట్టుకునే ఆకుల మండతో నా వీపు మీద ఒక్కటి వేసేది. “అలా కాదే, ఇలా అను!” అనేది. నేను అనేదాన్ని. దెబ్బ. మళ్ళీ అనేదాన్ని. దెబ్బ. ఎంత హాయిగా ఉందో చెప్పలేను! రోజంతా ఆ ఊరు నన్ను నీకేం కావాలి, ఏం కావాలి అనే అడిగింది. ఎవరు నువ్వు అని అడిగిందీ ముసలమ్మ ఒక్కతే. ఆవిరి కమ్మేసింది కాబట్టి సరిపోయింది గానీ, నా కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి.

సోమవారం ఇంతవరకూ క్లాసులో చెప్పాను. తూలిక్కి గారు ముచ్చటపడిపోయి నన్ను పై క్లాసులోనే ఉంచారు. ఆ తర్వాత జరిగింది మాత్రం అక్కడ చెప్పలేదు. మీకు చెప్తున్నాను.

హిల్కా గారు నా భుజం పట్టుకుని బయటి గదిలోకి వచ్చింది. ఆవిడ కూతురు తువ్వాలు పట్టుకుని ఎదురొచ్చింది. నా ఫిన్నిష్ రెండు ముక్కలు చెవిన పడగానే కంగారుపడి ఇంగ్లీషులో అంది. “అయ్యో, సారీ! అమ్మ మిమ్మల్ని విసిగించిందా? ఆవిడకి ఇంగ్లీషు రాదు.”

“లేదండీ, బోలెడు కబుర్లు చెప్పుకున్నాం,” అన్నాను ఫిన్నిష్‌లో.

ఆమె ముఖం వెలిగిపోయింది. “వావ్! మీ ఫిన్నిష్ చాలా బాగుంది!” అంది. ఇంగ్లీషులోనే.

నేనేం చేశానో తెలుసా? “థాంక్యూ సో మచ్!” అన్నాను. అంతే, నోరు జారింది. ఇక ఇద్దరం మొదలుపెట్టాం. ఏ దేశం, ఏం చదువు, ఊరు నచ్చిందా, చలి ఎలా ఉంది! మా మధ్య తువ్వాలు కప్పుకుని నిలబడ్డ హిల్కా గారు ఒకసారి నా ముఖం, ఒకసారి కూతురి ముఖం చూస్తోంది. ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ ఊళ్ళోనే ముసలిదైన మనిషి. కన్నకూతురి మాట అర్థం కాక నా చెయ్యి గిల్లింది.

“ఏమంటోందే నా కూతురు?”

“నా ఫిన్నిష్ చాలా బాగుందంటోందండీ,” అని కూతురి మాటని తల్లికి నేను తర్జుమా చేసి చెప్పాను.

“బాగుందా? మరి ఆ ముక్కేదో ఫిన్నిష్‌లో ఏడవచ్చుగా!”