పెదనాన్నగారి సంతకంలో పిట్టలు

బ్యాంకులో వేసిన చెక్కు వెనక్కి వస్తే ఏం చేయాలో తెలుసుకోవాలంటే నా దగ్గరికే రండి. ఏమేం చేయకూడదో అవన్నీ వరసగా చేసి చూసినవాణ్ణి.

మాకు పెళ్లయి నలభై రోజులు. మా ఆవిడ మంచినీళ్లిస్తే గ్లాసు ఖాళీ అయ్యాక కూడా తాగుతూనే ఉండే రోజులు. అప్పుడు ఆవిడ పెదనాన్నగారు మా ఇంటికొచ్చారు. డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. "వాషింగ్ మెషీన్ కొనుక్కోండి. బట్టలుతికి చేతులు కందిపోకూడదు" అంటూ చెక్కు రాసిచ్చారు.

దాన్ని బ్యాంకులో వేసి, అదే ఊపులో కొట్టుకెళ్లి, శుక్రవారం తేదీతో నా చెక్కు ఇచ్చి మెషీన్ తెచ్చేశాను. ఇద్దరం దాని ముందు స్టూళ్లు వేసుకుని కూర్చున్నాం. గుండ్రటి అద్దం వెనక నా చొక్కా ఆవిడ నైటీని తరుముతుంటే సినిమా చూసినట్టు చూశాం. ఇంటర్వెల్లో టీ కూడా తాగాం.

బుధవారం బ్యాంకు నుంచి పిలుపు వచ్చింది. కౌంటరులో అమ్మాయి చెక్కుకి ఒక చీటీ గుచ్చి నా చేతికిచ్చింది.

"ఆయన ఖాతాలో డబ్బు లేదా?" అన్నాను గొంతు తగ్గించి.

"డబ్బుంది సార్. సంతకం కలవలేదు. మా దగ్గరున్న సంతకంలో పిట్టల్లేవు."

చూశాను. సంతకం చివరి గీత కొమ్మలా సాగింది. దాని మీద రెండు పిట్టలు, ముక్కుకి ముక్కు ఆనించుకుని. కొత్త జంటకి కదా అని మాస్టారు ముచ్చటపడ్డారు.

"ఇంకో చెక్కు రాయించుకోండి. పిట్టలు వద్దని చెప్పండి" అంది.

చేయాల్సింది అదొక్కటే. కానీ మా ఆవిడకి పెదనాన్నంటే ప్రాణం. తండ్రి లేని పిల్లని ఆయనే చదివించారు. ఆయన కానుక చెల్లలేదని ఏ నోటితో చెప్పను? ఆయనకి తెలిస్తే మళ్లీ జన్మలో పిట్ట వేయరు. జీతం పడటానికి పది రోజులుంది. అప్పటిదాకా ఎలాగో నెట్టుకొచ్చి, నా డబ్బే కట్టేస్తే కాకికి కూడా తెలియదు.

చెక్కు దాచాలి. బీరువా ఆవిడది, వంటిల్లు ఆవిడది, నా జేబులు కూడా ఆవిడవే. బాగా ఆలోచించి పెళ్లి ఆల్బమ్‌లో, పెదనాన్నగారి ఫొటో వెనక దూర్చాను.

నా శుక్రవారం చెక్కు అప్పుడే బ్యాంకులో వేయొద్దని కొట్టాయన్ని బతిమాలాను. మంచివాడే, కానీ కొట్టుకి తగినంతే. "మీ చెక్కు ఆపుతాను. మెషీన్ మాత్రం నా దగ్గరుంటుంది" అన్నాడు. మర్నాడు ఇద్దరు వచ్చి మోసుకుపోయారు.

"ఏమైందండీ దానికి?"

"లోపల ఏదో చప్పుడు."

"నాకు వినపడలేదే."

"మొదట్లో వినపడదు. వినపడేసరికి చేయి దాటిపోతుంది."

"గుండెజబ్బులాగా?"

"అచ్చం అలాగే."

"అయ్యో పాపం. మరి బట్టలో?"

"నేనున్నానుగా" అన్నాను ఛాతీ విరిచి.

ఆ సాయంత్రం నాలుగు చొక్కాలు ఉతికాను. ఆవిడ మురిసిపోయింది. మర్నాడు దుప్పట్లు. ఆ మర్నాడు దిండు గలేబులు, చలికాలం స్వెట్టర్లు.

"ఇప్పుడు ఎండలు కదా, స్వెట్టర్లెందుకు?"

"మీ చేతి ఉతుకు పడితే దేనికైనా కళ వస్తోందండీ."

ఆ మాటకి పొంగిపోయి, పక్కింటి పిన్నిగారి రగ్గు కూడా ఉతికాను. అది తడిసి ఏనుగుపిల్లంత బరువైంది. పిండబోతే అదే నన్ను పిండింది. ఆఫీసులో ఏమీ చేయకపోయినా నా చేతుల్లోంచి సబ్బు వాసన వస్తోందని మేనేజరు రెండుసార్లు మెచ్చుకున్నాడు.

పదో రోజు జీతం పడగానే కొట్టుకి పరిగెత్తాను.

"డబ్బా? మీ ఆవిడగారు ఎవరో పెద్దాయనతో వచ్చి వారం కిందటే కట్టేశారుగా" అన్నాడు కొట్టాయన. "తను కబురు పెట్టేదాకా మెషీన్ పంపొద్దన్నారు."

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ ఒళ్లో పెళ్లి ఆల్బమ్ పెట్టుకుని కూర్చుంది.

"దీన్ని రోజుకి రెండుసార్లు చూస్తానని మీకు తెలీదూ?"

తెలుసు. అందులో ఒకసారి నేనూ పక్కన కూర్చుని చూస్తాను.

"పెదనాన్నగారు బాధపడ్డారా?"

"కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. మీరు చెప్పకుండా దాచింది ఆయన కోసమేనని తెలిశాక, నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నారు."

"మరి నాకు చెప్పొచ్చుగా."

"మీరే చెప్తారని రోజూ ఎదురుచూశాను. ఒక్కోసారి చెప్పేస్తారేమోనని భయం కూడా వేసింది. కర్టెన్లు మిగిలిపోయాయి మరి."

నా అరచేతులు తన ఒళ్లోకి తీసుకుని, ఎర్రబడ్డ చోటల్లా వెన్నపూస రాసింది. రగ్గు మీద కోపం అక్కడితో పోయింది.

సాయంత్రం మెషీన్ వచ్చింది. వెనకాలే పెదనాన్నగారు, చేతిలో రంగుడబ్బా. మెషీన్ పైన రెండు పిట్టలు వేశారు. ఒకటి బకెట్టు మోస్తోంది. అది ఏ పిట్టో నేను అడగలేదు.

ఆయన వెళ్లగానే స్టూళ్లు రెండూ తెచ్చి వేశాను. మా ఆవిడ కర్టెన్ల మూటతో వచ్చింది. మెషీన్ తలుపు తీశాను.

"అయ్యో, దాన్లో వద్దండీ" అంది మూట నా చేతికిస్తూ. "రంగు ఆరేదాకా దాన్ని కదపొద్దన్నారు పెదనాన్న."