కిటికీ కింద మగ్గం

మా ఇంట్లో నేను కూర్చునే చోటును ఒక అట్టపెట్టె తీసుకుంది. ఇందులో వాదన లేదు.

కోడలు రూపాలి బట్టలుతికే మెషిన్ కొన్నది. మెషిన్ నీళ్ళు పోయే మోరీ దగ్గరికి పోయింది, దాని పెట్టె కిటికీ కిందికి వచ్చింది. ఆ కిటికీ కిందే నా భార్య సుందరాబాయి ముప్పై ఏళ్ళు బీడీలు చుట్టింది. ఆమె పోయాక అక్కడ నేను కూర్చుంటున్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఎనిమిదేళ్ళ మనవరాలు ఋతుజ ఆ పెట్టెలో కాపురం పెట్టింది. తలుపు కోసింది. "తాతా, చెప్పులు బయట ఇడువు" అంది. నా ఇంట్లో నాకు!

"ఆ డబ్బా పడెయ్" అన్నాను కోడలితో.

"పిల్ల ఆడుకుంటుంది మామా. మొబైల్ ముట్టుకుంటలేదు. ఇంకేం గావాలె?"

"నాకు జాగ గావాలె."

"ఇల్లంత జాగనే గద."

దాజీ పేట్‌లో మాకున్న రెండు గదులను పట్టుకుని ఇల్లంతా అనడానికి ధైర్యం ఉండాలి.

కొంతం చౌక్‌లో చాయ్ తాగుతూ పాత దోస్తు పెంటప్పతో చెప్పుకున్నాను. తన సలహా తనే విని మూడు మరమగ్గాలు అమ్ముకున్నవాడు. అప్పటినుంచి సలహాలు ఊరికి ఇస్తున్నాడు.

"దాన్ని మంచి బొమ్మ జెయ్యి. ఆటోల ఏసి బడికి పంపు. బడోళ్ళు ఉంచుకుంటరు. జాగ నీది."

"ఏం బొమ్మ?"

"నీకొచ్చింది ఒక్కటే గద!"

మగ్గం చేశాను. పెట్టెను పడుకోబెట్టి, కాళ్ళు దించుకోవడానికి గుంత కోశాను. రెండు అంచులకూ గాట్లు పెట్టి పడుగు దారాలు లాగాను. పడుగులో అటూ ఇటూ పేక దారం తోయడానికి అట్టముక్కతో నాడె. ఋతుజ గుంతలో కాళ్ళు పెట్టి నాడె తోసింది.

బడిలో చూపడానికి జానెడు పడుగు చాలు. కానీ నలభై ఏళ్ళు నేసిన చేతులు జానెడు దగ్గర ఆగవు. నేను చూస్తూ ఉండగానే అవి ఆరు గజాల పడుగు పోసి, మిగిలినదంతా చీపురు కర్రకు చుట్టేశాయి.

జానెడు నేశాక అన్నాను, "అయిపోయింది. రేపు బడికి తీస్కపో."

"ఇంకా దారం ఉంది తాతా."

"కోసేద్దాం." కత్తెర తీశాను.

పిల్ల కెవ్వుమంది. రూపాలి జొన్నపిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది.

"మామా! పడుగు నడుమల కోస్తరా? మన ఇంట్ల?"

"ఇది అట్ట మగ్గమే."

"మగ్గం అట్టది. పడుగు కూడ అట్టదేనా? చిన్నప్పుడు పడుగు తెంపిండని మీ కొడుకును గుంజకు కట్టేసి కొట్టిండ్రంట. ఆయన ఇప్పటికీ కత్తెర ముట్టుకోడు. గోర్లు నేను దీస్త."

కొట్టాను. ఎక్కించిన పడుగును చివరిదాకా నేయందే దించకూడదు. మా నాన్న నన్ను కొట్టి నేర్పాడు, నేను నా కొడుకును. ఈ పిల్లకు ఎవరూ కొట్టకుండానే వచ్చింది.

ఋతుజ రోజుకు వేలు వెడల్పు నేస్తుంది. పడుగు ఆరు గజాలు. నా చోటు వచ్చే ఏడాది సంగతి.

పిల్ల బడికి పోయాక నేనే నేయడం మొదలుపెట్టాను. మూడు రోజుల్లో గజం నేశాను. నాలుగో రోజు చూస్తే గజం లేదు.

"నువ్వు నేసిందంత ఇప్పేసిన తాతా."

"ఎందుకే?"

"మస్తు సాఫ్‌గుంది. టీచర్ నమ్మది."

ఆ రోజే రూపాలి నా ఎదురుగా కూర్చుంది.

"మామా, ఖరా సంగతి జెప్పుండ్రి, ఉన్నదున్నట్టు. ఆ జాగనే ఎందుకు? చెప్తె మగ్గాన్ని మా మంచం మీదికి ఎక్కిస్త. మేం కింద పంటం."

చెప్పవచ్చు. మాట నోటిదాకా వచ్చింది. ముప్పై ఏళ్ళలో ఆ కిటికీ కింద కూర్చున్న మనిషికే ఒక్క మంచి మాట చెప్పనివాణ్ణి, కోడలికి ఏం చెబుతాను?

"గాలి వస్తది" అన్నాను.

"గింతేనా!" అని ఆమె లేచింది. సాయంత్రానికి నా పేరున కొత్త ఫ్యాను వచ్చింది. ఫ్యాను వచ్చిన పెట్టెను ఋతుజ మగ్గం పక్కన నిలబెట్టింది.

"ఇది దుకాణం తాతా. నేసిన బట్ట ఈడ అమ్ముదం."

ఫ్యాను బాగా తిరుగుతోంది. కిటికీ కింద ఇప్పుడు రెండు పెట్టెలు. నేను గోడ వైపు తిరిగి కూర్చుంటున్నాను. ఈ సంగతి మళ్ళీ ఎత్తను. మీరూ ఎత్తకండి.