ఎవరిదో తుండు, తీయకండి!

మన దేశాన్ని రాజ్యాంగం నడిపిస్తోందని మీరు అనుకుంటున్నారు. అనుకోండి, తప్పు లేదు. కానీ అసలు నడిపిస్తున్నది తుండు!

కోస్తా పాఠకులు కంగారు పడకండి. మీరు తువ్వాలు అనేదాన్నే మా చిత్తూరు జిల్లాలో తుండు అంటాం. అరవ దేశం సరిహద్దు దాటి ఆ మాట మా దగ్గరికి వచ్చి, ఇక్కడే కాపురం పెట్టేసింది. భుజాన వేసుకుంటే అది మర్యాద. తలకు చుట్టుకుంటే ఎండకు అడ్డం. పెద్దవాళ్ళ ముందు చంకలో ఇరికించుకుంటే వినయం. బస్సు కిటికీలోంచి సీటు మీదికి విసిరితే మాత్రం హక్కు!

ఈ మధ్య మా ఊళ్ళో ఒక సభ జరిగింది. మద్రాసు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన మైకు పట్టుకుని, సీట్ల మీద తుండు వేయడం అనాగరికమని సెలవిచ్చాడు. ఆయన సభకు బాగా ఆలస్యంగా వచ్చాడు. ముందు వరసలో ఆయన కుర్చీ మీద ఎవరో తుండు వేసి ఉంచబట్టే కూర్చోగలిగాడు. ఆ విషయం ఆయనకు ఎవరూ చెప్పలేదు.

అనాగరికమట! అయ్యా, ఇంతకన్నా నాగరికత ఎక్కడుంది? తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు కోసం నిలబడి చూడండి. బస్సు ఇంకా ఆగనే ఆగదు, కిటికీల్లోంచి తుండ్లు, చేతిసంచులు, గొడుగులు, ఒక్కోసారి చంటిపిల్లలు కూడా లోపలికి వెళ్ళిపోతారు. తుండు సీటు మీద పడిందా, ఇక బ్రహ్మదేవుడు దిగివచ్చినా అక్కడ కూర్చోడు. సొంత తమ్ముడి పొలంలో గట్టురాయి జరిపిన మనిషి కూడా, తుండు ఉన్న ఖాళీ సీటు పక్కనే కమ్మీ పట్టుకుని చంద్రగిరి దాకా నిలబడతాడు. ఎందుకు కూర్చోలేదని అడగండి. "ఎవురో ఏసుకోనుండారప్పా" అంటాడు. అంతే! పోలీసు లేడు, కోర్టు లేదు. మూర గుడ్డకు ఇంత గౌరవం ఇచ్చే జాతి ఇంకొకటి ఉందా?

నేను ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుని బతికేవాణ్ణి. మాటలు ఎక్కడ పుట్టాయి, ఎక్కడ తిరిగి ఏమైపోయాయి అన్నది నాకు కాస్త పిచ్చి. 'తుండు వేయడం' అనే మాటకు ఆదిపురుషుడు బెల్లం వ్యాపారి సుబ్బన్న అని మా వీధిలో గట్టి నమ్మకం. సుబ్బన్నది భారీ శరీరం. బస్సు వాకిట్లో తోపులాట ఆయన వల్ల అయ్యేది కాదు. అందుకని ముందు తుండును లోపలికి పంపి, జనమంతా ఎక్కాక తాను నింపాదిగా ఎక్కేవాడు. ఒకనాడు తుండు వేసి టీ తాగడానికి వెళ్ళాడు. టీ వేడిగా ఉంది, బస్సు వెళ్ళిపోయింది. ఆ సీటు ఖాళీగా చిత్తూరు దాకా ప్రయాణం చేసింది! చుట్టూ జనం నిలబడే ఉన్నారు. సాయంత్రం కండక్టరు ఆ తుండును మడిచి తెచ్చి సుబ్బన్న చేతికి అప్పగించాడు. ఆ కథ చెప్పుకుని మేమంతా చాలా నవ్వుకున్నాం. అప్పట్లో నవ్వడం తేలిక.

సరే, ఒక మాట బస్సులో ఎన్నాళ్ళని కూర్చుంటుంది? దిగింది. దిగి ఊరు చూడబోయింది. మొదట సినిమాహాలు బెంచీ మీద కూర్చుంది. తర్వాత పెళ్ళిభోజనాల్లో, తింటున్నవాడి వీపు వెనక నిలబడి, రెండో పంక్తికి తుండు వేయడం మొదలైంది. ఆ తింటున్నవాడు పాయసం రెండోసారి అడిగితే వెనకవాడు ఎంత గట్టిగా నిట్టూరుస్తాడో మీకూ అనుభవమే. కొళాయి దగ్గర బిందె పెట్టినా, కిరసనాయిలు క్యూలో రాయి పెట్టినా 'తుండు వేసినాం' అనేశారు. ఆ తర్వాత అద్దె ఇళ్ళకు పాకింది. పాత కాపురస్థుడు రెండు రోజులు దగ్గితే చాలు, ఎదురింటివాళ్ళు వచ్చి గోడలకు ఏ రంగు వేయించాలో చూసుకుని పోతారు.

అక్కడితో ఆగిందా? కాలేజీ సీట్లకు తుండు. ఉద్యోగాలకు తుండు. మా ప్రెస్సు మేనేజరు కుర్చీకి ఇద్దరు తుండ్లు వేసి కూర్చున్నారు, ఆయనేమో రోజూ పొద్దున పరుగు పెట్టి ఆరోగ్యం పెంచుకుంటున్నాడు. వాళ్ళ ముఖాలు చూడలేకపోతున్నాం.

పాఠకులారా, ఇక్కడ కాస్త ఆగండి. మాట మలుపు తిరిగింది ఇక్కడే. తుండు పోయింది. వేయడం మిగిలింది!

బస్సు సీటుకు తుండు వేయాలంటే ఎంత తక్కువ చూసుకున్నా ఒక తుండు ఉండాలి. బస్టాండుకు రావాలి. చెమట పట్టాలి. పేదవాడి తుండైనా, పెద్దవాడి తుండైనా కిటికీకి ఒకటే. ఇప్పుడు ఆ బాధ లేదు. పెద్దమనిషి ఇంట్లో పడక్కుర్చీలో పడుకుని, ఫోనులో ఎవరితోనో ఒక్క మాట అంటాడు. ఎక్కడో ఒక కుర్చీ మీద కనపడని తుండు పడుతుంది. బట్ట ఖర్చు లేదు, ఉతికే పని లేదు. ఇది భాషాభివృద్ధి కాదా?

ఈ అభివృద్ధి వల్ల ఎక్కువ లాభం పొందింది మా ఆవిడ నిర్మలమ్మ. ఆమె పాకాల దాటాక ఒక పల్లెలో ఎలిమెంటరీ టీచరు. తెల్లవారే బస్సుకు వెళుతుంది, దీపాలు పెట్టాక వస్తుంది. మా ఇంటికి రెండు వీధుల అవతలే ఒక బడి ఉంది. అక్కడి రెండో తరగతి టీచరు రిటైరయింది. ఆ చోటికి బదిలీ చేయమని నిర్మలమ్మ అడగడానికి వెళ్ళింది. విద్యాశాఖ ఆఫీసులో గుమాస్తా చాలా మంచివాడు, కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెప్పాడట, ఆ పోస్టుకు పైనించి తుండు పడిపోయిందని. ఆ తుండు వేసిన పెద్దమనిషి మేనల్లుడు ఏకాంబరం ఇంకా ట్రైనింగులోనే ఉన్నాడు. పాసవ్వాలి, రావాలి. అందాకా కుర్చీ ఖాళీగా ఉంటుంది.

నేను మా ఆవిడకు ఇందులోని మేలు వివరించాను. రోజూ సూర్యోదయం చూసే భాగ్యం ఎంతమందికి ఉంది? నిలబడి ప్రయాణం చేస్తే పిక్కలు గట్టిపడతాయి. ఎండలో నడిస్తే ఎముకలకు మంచిదని డాక్టర్లే చెబుతున్నారు.  ఆ సాయంత్రం నిర్మలమ్మ మా ఇంటి గడప ముందు మెట్టు ఎక్కలేక, గోడ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. మోకాళ్ళు రెండూ వాచి ఉన్నాయి.

"నాకింక సాతకాదు" అంది. ఆ మాట ఆమె నోట నేను అంతకుముందు వినలేదు. నా భాషాశాస్త్రం ఆ పూటకు కట్టిపెట్టాను.

మర్నాడు ఆమె సెలవు పెట్టింది. తీగ మీద ఆరేసిన నా తుండు తీసుకుంది. మామూలు తుండు కాదండీ! నారాయణవనం నేత, జానెడు ఎర్ర అంచు, పండక్కని ముచ్చటపడి కొనుక్కున్నది. ఎక్కడికని అడిగితే ఒకటే మాట చెప్పింది.

"వాళ్ళు ఇంట్లో కూర్సోని ఏసినారు. నేను పొయ్యి ఏసొస్తా. బస్సులో ఏది సెల్లుతుందో బళ్ళోనూ అదే సెల్లాల గదా?"

వెళ్ళింది. పిల్లలు ఇంకా రాని రెండో తరగతి గదిలో, ఖాళీ కుర్చీ మీద తుండు చక్కగా పరిచింది. అక్కడినుంచి బస్సెక్కి ఆఫీసుకు పోయి, నేను స్వయంగా తుండు వేసి వచ్చాను, ఇక ఆ సీటు నాదేనని చెప్పింది. ఆఫీసంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్విందట. మంచివాడు గనుక ఆ గుమాస్తా మాత్రం నవ్వకుండా టీ తెప్పించాడు. నిర్మలమ్మ టీ తాగి ఇంటికి వచ్చేసింది. మళ్ళీ తెల్లవారే బస్సు, మళ్ళీ పాకాల.

వాళ్ళు నవ్వి మరచిపోయారు గానీ తుండు నవ్వులాట కాదు! ట్రైనింగు ముగించుకుని, ఆర్డరు జేబులో పెట్టుకుని, కొత్త చొక్కాలో ఏకాంబరం బడికి వచ్చాడు. కుర్చీ చూశాడు. తుండు చూశాడు. ఎర్ర అంచు చూశాడు. అటువంటి అంచు తుండ్లు ఈ జిల్లాలో ఎవరెవరి భుజాల మీద ఉంటాయో అతనికి బాగా తెలుసు. అతని మేనమామ భుజం మీదా అదే ఉంటుంది. రెండడుగులు వెనక్కి వేసి, ఎవరిదని హెడ్మాస్టరు సౌందరరాజన్ గారిని అడిగాడు. ఆయనకు తెలియదు. తుండు పడిన నాడు గది తాళం తీసింది ఆయన కాదు, తర్వాత కుర్చీ మీద దాన్ని చూసింది మాత్రం ఆయనే. తెలియదంటే పదవికే చిన్నతనమని, "ఎవురో పెద్దోళ్ళదే" అని గొంతు తగ్గించి చెప్పాడు.

ఏకాంబరం వెళ్ళి మేనమామకు చెప్పాడు. తన తుండు మీద తుండు వేసే మొనగాడు ఎవడా అని మేనమామ ఆలోచనలో పడ్డాడు. తనకన్నా పైవాడే అయి ఉండాలి. పైవాణ్ణి అడుగుదామంటే, ఇంత మాత్రం తెలియదా అంటాడేమో! ఆ పైవాడు తన పైవాణ్ణి అనుమానించాడు. ఎవరూ ఎవరినీ అడగలేదు. అడిగితే తెలియదని తెలిసిపోతుంది కదా! ఏకాంబరాన్ని మరెక్కడో ఆఫీసులో కూర్చోబెట్టారు. ఇన్‌స్పెక్షనుకు వచ్చిన అధికారి గది గుమ్మంలో నిలబడి, తుండును చూసి, లోపలికి అడుగు పెట్టకుండానే వినయంగా వెనక్కి తిరిగాడు. సౌందరరాజన్ గారు ఆ తుండును అప్పుడప్పుడు ఉతికించి, ఇస్త్రీ చేయించి, మళ్ళీ కుర్చీ మీద వేయిస్తున్నాడు. నా ఒంటి మీద ఉన్నన్నాళ్ళు దానికి ఇస్త్రీ యోగం పట్టలేదు.

మరి పిల్లలు? బ్రహ్మాండంగా ఉన్నారు. పొద్దున లేచి నిలబడి చేతులు జోడించి, కుర్చీకి నమస్కారం పెట్టి కూర్చుంటారు. మాట మళ్ళీ మారింది, గమనించారా? ఆ బడిలో ఇప్పుడు తుండు అంటే టీచరు. మా పక్కింటి కల్యాణవల్లి ఆ తరగతిలోనే ఉంది. మీకు ఎవరమ్మా పాఠం చెప్పేది అని నిర్మలమ్మ అడిగింది.

"మాకు తుండు" అంది ఆ పిల్ల. "మంచి తుండు. కొట్టదు."

ఎంత గొప్ప ఉపాధ్యాయుడో చూడండి! కొట్టడు, తిట్టడు, సెలవు పెట్టడు, పాఠం మధ్యలో కునుకు తీయడు. ఈ మాటే నేను మా ఆవిడతో అన్నాను. ఆమె నా ముఖం కూడా చూడలేదు. కల్యాణవల్లి చేత పలక తెప్పించి, 'క' రాయమంది. ఆ పిల్ల నవ్వుతూ ఒక సున్నా చుట్టింది. ఏడు నిండిన పిల్ల! నిర్మలమ్మకు దుఃఖం ఆగలేదు. నేనే చేశాను ఇదంతా అని కొంగు నోట్లో కుక్కుకుంది. తనకు సీటు రాకపోతే పోయింది, ఆ ఏకాంబరమైనా వచ్చి కూర్చుని పిల్లలకు నాలుగు అక్షరాలు చెబితే చాలని, తుండు తెచ్చేయడానికి మర్నాడే బడికి వెళ్ళింది. ఈసారి నేనూ వెంట వెళ్ళాను.

ఆమె కుర్చీ మీద చెయ్యి పెట్టబోయేసరికి సౌందరరాజన్ గారు పరుగున వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"అమ్మా, అమ్మా! దాన్ని తాకొద్దు. మాట నా మీదికొస్తాది."

అది మాదేనని నిర్మలమ్మ చెప్పింది. అంచు చివర చాకలి గుర్తు చూపించింది. నేను వేసుకునేదేనని నేనూ చెప్పాను. ఆయన నా పాత చొక్కా వంక చూశాడు, వాచిన ఆమె కాళ్ళ వంక చూశాడు. ఎగతాళి కాదు, జాలిగానే నవ్వాడు.

"మీదైతే ఇన్నాళ్ళు ఈడ ఎవురు ఉండనిస్తారమ్మా?"

తుండు అక్కడే వదిలేసి వచ్చేశాం. నేను ఇప్పుడు స్నానం చేసి పంచె కొంగుతో తల తుడుచుకుంటున్నాను. నిర్మలమ్మ తెల్లవారే బస్సులో నిలబడే వెళుతోంది.

కాబట్టి ఈ వ్యాసం చివరలో, ఎవరో తెలియని ఆ పెద్దమనిషికి నా మనవి. అయ్యా, ఆ తుండు మాది కాదని నేను ఒప్పుకుంటున్నాను. అది మీదే. దయచేసి ఒక్కసారి వచ్చి తీసుకుపోండి. ఆ కుర్చీలో మేనల్లుడిని కూర్చోబెట్టుకుంటారో, బావమరిదిని కూర్చోబెట్టుకుంటారో మీ ఇష్టం, మనిషైతే చాలు. తీసేటప్పుడు మాత్రం కాస్త మెల్లగా తీయండి. పిల్లలు లేచి నిలబడతారు.